బిసాదా బావకు కావాలనిపించిన పదవి

మా గుడి గురువు అబూనా గత్తాస్ చనిపోయిన మూడో రోజున, వాళ్ళింట్లో సాంబ్రాణి వేయించి అందరం ఎవరి పనులకు వాళ్ళం మళ్ళాక, నఖ్లా మాస్టారు నా కుట్టు దుకాణానికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. అపొస్తలుల ఉపవాసం నడిచే ఆ రోజుల్లో మా నజ్లత్ బనూబ్‌లో ఆ వేళకు గాడిదలు కూడా గోడ నీడ వదలవు. ఆయన లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఒక నల్లంగీ కుట్టాలి కుల్తా. అబూనాలు వేసుకునేది."

"ఎవరికి మాస్టారూ?"

"మా పెదనాన్న కొడుక్కి. ఫయ్యూమ్‌లో ఉంటాడు. వాణ్ణి అబూనా చేస్తారేమోనని అనుకుంటున్నారు."

"కొలతలు తెచ్చారా?"

"వాడూ నేనూ ఒకే ఒడ్డూ పొడుగూ. నన్ను కొలువు, సరిపోతుంది."

కొలిచాను. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టాడు. పెదనాన్న కొడుకు అంగీ కోసం ఎవరూ పొట్ట లోపలికి లాక్కోరు. అయినా కొలత రాసుకున్నాను. దర్జీవాడికి తెలిసిన సంగతులు దర్జీవాడి దగ్గరే ఉండాలి. లేకపోతే ఊళ్ళో సగం మంది గుడ్డలు కుట్టించుకోరు.

మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. పెళ్ళయినవాళ్ళకే ఇచ్చే ఆ అబూనా పదవి అడిగి పుచ్చుకునేది కాదు. కావాలన్నవాడు దానికి పనికిరాడు. దాన్ని చూసి భయపడి పారిపోయేవాడే దానికి తగినవాడు, వాణ్ణి వెతికి పట్టుకుని, కాళ్ళూ చేతులూ పట్టి మోసుకొచ్చి అయినా సరే బిషప్ గారి ముందు మోకరింపజేయాలి. పూర్వం ఎడారిలో మహానుభావులు నిజంగానే అలా పారిపోయారట, నిజంగానే సంకెళ్ళు వేసి తెచ్చారట. ఆ సంగతి మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నఖ్లా మాస్టారికి అందరికంటే బాగా తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో ఆ పాఠం చెప్పేది ఆయనే.

బిషప్ గారి దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఊరివాళ్ళే ఒక పేరు అనుకుని, సంతకాలు పెట్టి సిద్ధంగా ఉంచాలి, అపొస్తలుల పండుగ రోజున ఆయనే వస్తారు. కబురు వచ్చిన సాయంత్రం నుంచీ నఖ్లా మాస్టారు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను, నా పేరు మాత్రం రాయొద్దు," అనేవాడు. "నేను పాపిని. ఆ బరువు నేను మోయలేను."

అప్పటిదాకా ఆయన పేరు ఎవరికీ తట్టలేదు. మా పక్కింటి ముసలామె పాపం కంగారుపడి, "సరే నాయనా, నువ్వంతగా వద్దంటే రాయనులే," అంది. ఆ ఇంటి నుంచి ఆయన కొంచెం నీరసంగా బయటికి వచ్చాడు.

రెండో రోజున ఆయన పారిపోయాడు. పారిపోతూ వ్యాను డ్రైవరుకు చెప్పాడు, మందుల షాపువాడికి చెప్పాడు, ఉడికించిన చిక్కుడుగింజల ఫూల్ అమ్మే బండి దగ్గర ఆగి ఒక రొట్టె తింటూ అక్కడున్న ఆరుగురికీ చెప్పాడు. మల్లావిలో అత్తగారింటికి వెళ్తున్నానని, చేపల దుకాణం పైన రెండో అంతస్తు అని, దయచేసి ఎవరూ తన వెంట రావద్దని.

ఇక మా బావ సంగతి. మా మతీల్ద అక్క మొగుడు బిసాదా. గుళ్ళో పూజకు వాడే కుర్బాన్ రొట్టెలు కాల్చేది ఆయనే. గుడి వెనక ఆ రొట్టెల కోసమే ఒక గది ఉంటుంది, దాన్ని మేం బేత్లెహేము అంటాం. ఒక పొయ్యి, ఒక పిండి తొట్టి, ఒక చెక్క ముద్ర, అంతే. ఆ రొట్టెలో ఉప్పు వేయరు. కాల్చేవాడు పొద్దున్నుంచీ పచ్చి నీళ్ళు ముట్టడు. పిండి తడిపిన దగ్గర్నుంచీ రొట్టె బయటికి తీసేదాకా కీర్తనలు చెప్పుకుంటూనే ఉండాలి, మధ్యలో లోకాభిరామాయణం పనికిరాదు. ముద్ర వేశాక చుట్టూ ఐదు పోట్లు పొడవాలి, ప్రభువు ఒంటి మీది ఐదు గాయాలకు గుర్తుగా. బావ కుర్రతనంలో మిన్యాలో ఒక రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. ఒకసారి ఊరికి వచ్చినప్పుడు అబూనా గత్తాస్ ఆయన్ని పట్టుకుని, "పొట్ట నింపే రొట్టెలు చాలామంది కాలుస్తారు గానీ, ఇక్కడ పొయ్యి దగ్గర ఎవరూ లేరు, రావా?" అన్నాడట. బావ ఆ పిలుపు దేవుడిదే అనుకున్నాడు. అలా ఇరవై ఏడేళ్ళు గడిచాయి. ఆయన ముఖం కంటే ఆయన వీపే ఊరివాళ్ళకు ఎక్కువ తెలుసు.

సంతకాల కోసం శనివారం సాయంత్రం గుళ్ళో సమావేశం పెట్టారు. నడిపించింది షెహాతా గారు, ఆయనకు చెరకు తోటలున్నాయి, గుడి కమిటీకి ఆయనే పెద్ద. నఖ్లా మాస్టారి భార్య లూసీ ముందు వరుసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"ఆయన పారిపోయారండీ. మా అమ్మ వాళ్ళింట్లో దాక్కున్నారు. చేపల దుకాణం పైన, రెండో అంతస్తు, పచ్చ తలుపు. దయచేసి వెళ్ళకండి, ఆయన మనసు కష్టపెట్టకండి."

షెహాతా గారు సానుభూతిగా తల ఊపాడు. "అంతగా చెప్తుంటే వెళ్ళడం ఎందుకమ్మా. ఆయన్ని అలా ప్రశాంతంగా ఉండనిద్దాం."

లూసీ ఏడుపు కాసేపు ఆగింది.

అప్పుడెవరో వెనక నుంచి, "బిసాదా రాలేదేం?" అన్నారు.

రాలేదు. మర్నాటి రొట్టెలకు పిండి తడుపుతున్నాడు. ఇరవై ఏడేళ్ళలో ఏ శనివారం సమావేశానికీ రాలేదు. కానీ ఆ రోజున ఆ మాట వినగానే గుళ్ళో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి.

"చూశారా," అన్నాడు షెహాతా గారు, లేచి నిలబడి. "నఖ్లా మాస్టారు కనీసం చెప్పి పారిపోయాడు. ఈయన చెప్పకుండా పారిపోయాడు. ఏది గొప్ప?"

"పారిపోలేదండీ, గుడి వెనకే ఉన్నాడు," అన్నాను నేను.

"ఊరు వదిలి పారిపోవడం ఎవరైనా చేస్తారు కుల్తా. ఊళ్ళోనే ఉండి కనిపించకుండా ఉండటం మాటలా?"

రెండు వందల పద్నాలుగు సంతకాలు పడ్డాయి. రాయడం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. మా అక్క అందరికంటే ముందు వేసింది.

ఆదివారం పూజ అవగానే పది మంది బేత్లెహేముకు వెళ్ళారు. బావ అప్పుడే తొట్టి కడిగి, పిండి మోచేతులతో నిలబడి ఉన్నాడు. షెహాతా గారు కాగితం చూపించాడు. బావ చదివి మడిచి వెనక్కి ఇచ్చేశాడు.

"నాకు ఈ పని ఉంది కదండీ. నన్ను పిలిచింది దీనికి. అది వద్దు."

ఆ పది మంది ముఖాలూ వెలిగిపోయాయి. "వద్దన్నాడు," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. సాయంత్రానికల్లా ఆ ముక్క ఊరంతా తిరిగింది. ఇంకో నలభై సంతకాలు పెరిగాయి. ఆయన ఎన్నిసార్లు కాదంటే అంత బిగుసుకుంటోంది వ్యవహారం. బావకు అది అర్థం కాలేదు. నోరు మూసుకుంటే వినయం అన్నారు, విసుక్కుంటే దైవభయం అన్నారు, తలుపు వేసుకుని కూర్చుంటే ఎడారి మహానుభావుల సరసన చేర్చారు.

ఇంట్లో మా అక్క వేరే రకంగా పట్టుకుంది.

"నేనేమైనా మేడ అడిగానా? మిద్దె అడిగానా? ఆ లూసీ ముందు వరుసలో కూర్చుని నా వైపు తిరిగి చూసే చూపు ఒక్కసారి నేను దాని వైపు చూడాలి. అంతే నాక్కావలసింది."

"అది పాపం మతీల్దా."

"నువ్వు అబూనావి అయ్యాక ఒప్పుకుంటాలే. నీ దగ్గరే ఒప్పుకుంటా, ఇంటి గుట్టు బయటికి పోకుండా."

వీధిలో జనం బావ చేయి ముద్దుపెట్టుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో లాక్కునేవాడు. బుధవారం నాటికి లాక్కోవడం కొంచెం ఆలస్యమైంది. గురువారం నేను నా కళ్ళతో చూశాను, ఒక ముసలాయన వంగితే బావ చేయి తనంతట తానే రెండంగుళాలు ముందుకు జరిగింది.

ఆ గురువారమే నా దుకాణానికి వచ్చాడు. టోపీ కుట్టు ఊడిందన్నాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆయన గోడకు వేలాడుతున్న నల్లంగీ వైపు చూస్తూ నిలబడ్డాడు. నఖ్లా మాస్టారి పెదనాన్న కొడుకుది.

"ఇది ఎవరిది కుల్తా?"

"ఫయ్యూమ్‌లో ఒకాయనది."

"నా కొలతలా ఉంది."

"అందరి కొలతా అదేలా ఉంది ఈ మధ్య."

ఆయన నవ్వలేదు. అంగీ తీసి వేసుకున్నాడు. పొట్ట దగ్గర వదులు, మిగతాదంతా సరిపోయింది. నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే బాగున్నాడు. నెరిసిన గడ్డం, పొయ్యి వేడికి కమిలిన ముఖం, ఆ నలుపులో ఆ మనిషి ఎవరో పాతకాలపు పటంలోంచి దిగినట్టు ఉన్నాడు. మెల్లగా కుడి చేయి ఎత్తి, వేళ్ళు కొంచెం వంచి, అద్దంలో మనిషికి అందించాడు. ముద్దుపెట్టుకోమన్నట్టు.

నేను సూది వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఇరవై ఏడేళ్ళలో నా చేయి ఎవరూ పట్టుకోలేదురా," అన్నాడు అద్దంలోకే చూస్తూ. "పిండి అంటుకుంటుందని దూరం నుంచే తల ఊపి వెళ్ళిపోతారు. గుళ్ళో వాళ్ళు నోట్లో పెట్టుకునే ముక్క నా చేతిలోంచే వస్తుంది. ఒక్కడు, ఒక్కడు కూడా, 'బిసాదా ఇవాళ రొట్టె బాగుంది' అనలేదు."

"మరి వద్దని ఎందుకంటున్నావు బావా?"

"అనాలి కాబట్టి అంటున్నాను." అంగీ విప్పి జాగ్రత్తగా మేకుకు తగిలించాడు. "మొదటిసారి అన్నది మాత్రం నిజమే. తర్వాత అన్నవన్నీ ఏమో నాకే తెలియదు."

టోపీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఈలోగా మల్లావిలో నఖ్లా మాస్టారు తొమ్మిది రోజులు ఎదురుచూశాడు. అత్తగారు రోజూ చేపలు వేయించి పెట్టింది. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. అంత దూరం ఎవరొస్తారులే అనుకుని దగ్గరికి పారిపోదామని నిశ్చయించుకున్నాడు. ముందు కొండ మీది మఠానికి వచ్చాడు, అది ఊరికి ఐదు కిలోమీటర్లు. అక్కడి సన్యాసులు ఆయన్ని పట్టించుకోకుండా ఉల్లిపాయలు తరగమన్నారు. రెండు రోజులకు అక్కడ్నుంచి పారిపోయి మా ఊరి పావురాల గూడు బురుజులో దాక్కున్నాడు. అక్కడ పావురాలు ఒప్పుకోలేదు. చివరికి కాలవ గట్టున నీళ్ళ పంపు గదిలో చేరాడు. అది ఊరికి ఎంత దగ్గరంటే, లూసీ వంటింటి కిటికీలోంచి కేకేస్తే వినపడుతుంది. ఆమె రోజూ మూతపెట్టిన గిన్నె పట్టుకుని నడివీధిలోంచి, "ఎవరికీ తెలియకూడదు" అని కనబడిన ప్రతివాళ్ళకూ చెబుతూ తీసుకెళ్ళేది. ఎవరూ ఆమెను ఆపి ఎక్కడికని అడగలేదు. ఊరంతా బావ వెనకే ఉంది.

తర్వాతి ఆదివారం పూజ చేయించడానికి పక్క ఊరి అబూనా వచ్చాడు. గుడి నిండిపోయింది. కాబోయే అబూనా కాల్చిన చివరి రొట్టె తినాలని మఘాగా నుంచి కూడా చుట్టాలు దిగారు. బావ బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. అబూనా గుడ్డ తీశాడు. ఏడు రొట్టెల్లో మచ్చలేని ఒక్కదాన్ని ఎంచుకోవడం ఆయన పని. ఒకటి తీశాడు, పెట్టేశాడు. ఇంకొకటి తీశాడు. ఏడూ తిప్పి చూశాడు.

ఏడూ పొంగి ఉన్నాయి. ముద్ర మీద సిలువలు అడ్డంగా పగిలి ఉన్నాయి. ఐదు పోట్లు పొడవకపోతే లోపలి ఆవిరి పోయే దారి లేక రొట్టె అలాగే ఉబ్బుతుంది.

"బిసాదా," అన్నాడు ఆ అబూనా, గొంతు తగ్గించి. గుళ్ళో అంత నిశ్శబ్దంగా ఉంటే తగ్గించినా ఏం లాభం. "ఇవి పూజ బల్ల మీదికి కాదు నాయనా. ఫూల్ గిన్నెలోకి."

బావ ఆ రొట్టెల మీద మళ్ళీ గుడ్డ కప్పాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. ఆయన అలా జనం వైపు తిరిగి మాట్లాడటం నేను పుట్టాక అదే మొదలు.

"పోట్లు మర్చిపోయాను. కీర్తనలు కూడా చెప్పలేదు. పిండి పిసికినంతసేపూ ఒక ప్రసంగం చెప్పుకున్నాను. మొదటి ఆదివారం మీ ముందు చెప్పాల్సిన ప్రసంగం. చాలా బాగా వచ్చింది. మధ్యలో మీరు ఏడ్చారు కూడా."

షెహాతా గారు కళ్ళు ఒత్తుకున్నాడు. "చూడండి వినయం," అన్నాడు పక్కవాడితో.

"వినయం కాదు షెహాతా గారూ, వినండి. నాకు ఆ పదవి కావాలి. వద్దని నేను అంటుంటే మీరు నమ్మారు గానీ, వారం రోజులుగా నాకు అదే కావాలి. అంగీ కూడా వేసుకుని చూసుకున్నాను. మీరు చేతులు ముద్దుపెట్టుకుంటుంటే హాయిగా ఉంది. నేను లాక్కుంటున్నది మీరు ఇంకోసారి పట్టుకుంటారని."

గుళ్ళో ఎవరూ కదల్లేదు. తర్వాత అందరూ ఒకేసారి కదిలారు.

"కావాలంటున్నాడు," అంది మా పక్కింటి ముసలామె, ఎవరో బూతు మాట అన్నట్టు.

"నోటితో చెప్తున్నాడు, సిగ్గులేకుండా."

"అంగీ కూడా తొడుక్కున్నాడట."

షెహాతా గారి చేతిలోని కాగితం ఎప్పుడు మడతలు పడి జేబులోకి వెళ్ళిందో నేను చూడలేదు. మా అక్క ముసుగు ముఖం మీదికి లాక్కుంది. బావ గుడి వెనక్కి వెళ్ళి, పొయ్యి మళ్ళీ రాజేసి, పిండి మళ్ళీ తడిపాడు. పూజ మధ్యాహ్నం దాకా ఆగింది. జనం ఉపవాసంతో, ఎండలో, రెండు వందల యాభై నాలుగు సంతకాలు పెట్టిన ఆ పేరునే తిట్టుకుంటూ కూర్చున్నారు. బేత్లెహేము కిటికీ పక్కన నిలబడితే లోపల బావ గొంతు వినిపిస్తోంది. కీర్తన మొదట్లో ఏడుపు గొంతు. మూడో నాలుగో కీర్తనకు మామూలు గొంతు వచ్చేసింది.

ఇక మిగిలింది నాలుగు రోజులు. పండుగకు ఎవరినో ఒకరిని చూపించాలి. షెహాతా గారికి అప్పుడు నఖ్లా మాస్టారు గుర్తొచ్చాడు. పది మంది తాళ్ళూ దుడ్డుకర్రలూ పట్టుకుని, పాతకాలంలో లాగానే, పండుగ పొద్దున పంపు గదికి వెళ్ళారు. మాస్టారు తలుపు తీసే ఉంచాడు. "నన్ను వదిలేయండి," అంటూ తాళ్ళలోకి తనే చేతులు పెట్టాడని తెచ్చినవాళ్ళు చెప్పారు. తల నిండా గడ్డి పరకలు, మెడ నిండా దోమకాట్లు. లూసీ దారి పొడుగునా జగారీత్‌లు పెడుతూ వచ్చింది, పెళ్ళిలో నాలుక ఆడించి పెట్టే ఆ కూతలే, మధ్యమధ్య ఏడుపు కలుపుతూ.

బిషప్ గారు చిన్న మనిషి, తక్కువ మాట్లాడే మనిషి. ఆయన్ని అందరం సయ్యద్నా అంటాం. ఊరివాళ్ళు చెప్పినదంతా విన్నారు. మాస్టారి తాళ్ళు విప్పించారు.

"నఖ్లా, నీకు ఇష్టమేనా?"

మాస్టారు నేల మీద పడ్డాడు. "నేను పాపిని సయ్యద్నా. తగను."

"ఇంకోసారి అడుగుతున్నాను. నీకు ఇష్టమేనా?"

"నా వల్ల కాదు సయ్యద్నా. ఇంకెవరినైనా చూడండి."

షెహాతా గారు ఆత్రంగా ముందుకు వంగాడు.

"మూడోసారి అడుగుతున్నాను."

"వద్దు సయ్యద్నా, వద్దు, వద్దు," అన్నాడు మాస్టారు, ముచ్చటగా వణుకుతూ.

"సరే," అన్నారు బిషప్ గారు. "మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వద్దన్నావు. మనిషి మాట నమ్మాలి కదా." వెంట వచ్చినాయనతో, "ఈయనకు ఇష్టం లేదని రాసుకో," అన్నారు.

మాస్టారు నేల మీదినుంచి తల ఎత్తాడు. నోరు తెరిచాడు. అప్పటిదాకా చెప్పినదంతా ఎలా వెనక్కి తీసుకోవాలో ఆయనకు ఆదివారం బడిలో ఎవరూ నేర్పలేదు.

తర్వాత బిషప్ గారు బావను పిలిపించారు. పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నీకు కావాలన్నావట."

"అన్నాను సయ్యద్నా."

"ఇప్పుడూ కావాలా?"

బావ గోరు సందులో పిండి గీరుకున్నాడు. "ఇప్పుడు కూడా కొంచెం."

"మరి చేయమంటావా?"

"వద్దండి. దేవుడు నన్ను పొయ్యి దగ్గరికి పిలిచాడు. ఇటు పిలిచింది షెహాతా గారు."

బిషప్ గారు గడ్డంలోనే నవ్వుకున్నట్టుంది. బావ చేయి అందుకుని, అరచేయి తిప్పి చూసి, "పోట్లు మర్చిపోకు," అన్నారు. బిషప్ గారి నల్లంగీ చేతి మీద తెల్లగా పిండి అంటుకుంది. దులుపుకోలేదు.

నెల తిరక్కుండా మాకు కొత్త అబూనా వచ్చాడు. సమాలూత్ వైపు పశువుల డాక్టరుగా పనిచేసిన యువకుడు. పారిపోయావా అని షెహాతా గారు అడిగితే, "లేదండీ, బిషప్ గారు ఫోన్ చేసినప్పుడు ఆవు ఈనుతోంది, అది అయ్యాక వచ్చాను," అన్నాడు. షెహాతా గారికి ఇప్పటికీ ఆయన మీద పూర్తి నమ్మకం లేదు. నల్లంగీ లూసీ పట్టుకెళ్ళి తనకు గౌనుగా మార్పించుకుంది, మిన్యాలో వేరే దర్జీ దగ్గర.

మా అక్క బావతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత పొయ్యికి చెరకు పిప్పి తక్కువైందని ఒకరోజు పోట్లాడింది, అలా మాటలు కలిశాయి.

అందరికంటే బాగుపడింది నఖ్లా మాస్టారు. సాక్షాత్తూ బిషప్ గారు మూడుసార్లు బతిమాలినా పదవి కాలదన్నిన మనిషిగా ఆయన పేరు నది ఇవతలా అవతలా పాకింది. ఊళ్ళ నుంచి పిలుపులు వస్తున్నాయి, వెళ్ళి శోధనను జయించడం గురించి మాట్లాడి వస్తున్నాడు. ఈ మధ్య మా గుళ్ళో కూడా మాట్లాడాడు. గంటన్నర. జనం చేయి ముద్దుపెట్టుకుంటే ఆయన లాక్కోడు, లాక్కునే అవసరం తీరిపోయింది.

ఆ ప్రసంగానికి బావ కూడా వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. శనివారం కాదు కాబట్టి ఖాళీ. బయటికి వచ్చాక అడిగాను.

"ఎలా ఉంది?"

"బాగా చెప్పాడు. నేను పిండి పిసుకుతూ చెప్పుకున్నది ఇంకొంచెం బాగుండేదనిపించింది."

"అంటే ఆ కోరిక ఇంకా పోలేదా బావా?"

ఆయన గుడి గోడకు ఆనుకున్నాడు.

"ఎండాకాలం గట్టిగానే వస్తుంది. చలి కొరికే తూబా నెలలో పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుంది కదా, అప్పుడంత గుర్తురాదు." కొత్త గోధుమపిండిలో పొట్టు ఎక్కువుందని, జల్లించాలని, నన్ను కూడా ఒక చేయి వేయమని చెప్పి లోపలికి దారితీశాడు.